చెప్పుల లెక్క

అల్లుడూ,

స్టేషన్ ఆఫీసర్‌గా ఛార్జి తీసుకున్నానని నువ్వు ఫోన్ చేసిన సాయంత్రం మేలూరులో జోరువాన. మీ అత్త ఆ వానలోనే పాలు తెప్పించి పాయసం వండింది. "మామా, నాకేదన్నా చెప్పు" అన్నావు. ఫోన్‌లో చెప్పింది నిలవదు, రాసి పంపిస్తానన్నాను. రాయడానికి నెల పట్టింది.

మన ఇళ్ళలో తెలుగు నోట్లో ఉంది, చేతిలో లేదు. నాయకరాజుల కాలంలో ఇటు తమిళనాడుకొచ్చిన కుటుంబాలు మనవి. బడి తమిళం, కచేరీ తమిళం, స్టేషన్ డైరీ తమిళం. నాకు అక్షరాలు దిద్దించింది నాగపూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో నా పక్క మంచం గుంటూరు స్నేహితుడు. పగలు పంపుల పాఠాలు, రాత్రి నోటుబుక్కు వెనక అట్ట మీద అ ఆలు. నీకు నేను దిద్దించాను. అందుకే ఇది నీకూ నాకూ మధ్య మన భాషలో.

1. చెప్పులు లెక్కపెట్టు

గంట మోగగానే మన పిల్లలు చెప్పులు షెడ్డు అంచున విడిచి గంబూట్లలోకి దూకుతారు. బండి వెళ్ళిపోయాక అక్కడ చూడు: ఒకటి బోర్లా, ఒకటి మూడడుగుల అవతల, ఒకదాని వారు తెగి పిన్నీసు పెట్టి ఉంటుంది. కాల్ నుంచి తిరిగొచ్చాక నీ మొదటి పని రిపోర్టు రాయడం కాదు. ఆ చెప్పులన్నిటిలోకీ కాళ్ళు వచ్చాయా అని చూడడం. మంట దగ్గర బయల్దేరే ముందు తలలు, స్టేషన్‌కొచ్చాక చెప్పులు. రెండు లెక్కలెందుకంటావా, అక్కడ బాగానే ఉన్నట్టు కనిపించినవాడు పొగ మింగి ఉంటే దారిలో పడిపోవచ్చు. ఒక జత మిగిలిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. తర్వాత చెబుతాను.

2. ఊరంతా సైకిల్ మీద తిరుగు

జీపులో తిరిగితే సందులు కనిపించవు. మొదటి పదిహేను రోజులు పొద్దున్నే సైకిలేసుకుని బయల్దేరు. ఏ వీధిలోకి మన బండి దూరదు, ఏ మలుపులో కరెంటు తీగ వేలాడుతోంది, సంత రోజున ఏ దారి మూసుకుపోతుంది, పెళ్ళి పందిరి ఎక్కడ రోడ్డుకడ్డం వేస్తారు, అన్నీ రాసుకో.

అన్నిటికన్నా ముందు నీళ్ళు. మామూలు బండిలో పట్టేది 4500 లీటర్లు. గొట్టం చివరి బ్రాంచ్ ఒక్కటి నిమిషానికి 450 లీటర్ల దాకా తాగుతుందనుకో, పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. రెండు బ్రాంచ్‌లు పెడితే ఐదు నిమిషాలు. పదకొండో నిమిషానికి నీళ్ళెక్కడివి? మా మేలూరు పెరియారు కాలువ చివరి భూముల ఊరు. కాలువ పారే నెలల్లో దిగులుండదు. గడ్డివాములు అంటుకునేది మాత్రం ఎండలకి, కాలువ ఎండిపోయాక. అప్పుడు దిక్కు రైతు బావి, దాని మోటారు.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక పల్లెలో వరుసగా నాలుగు వాములు అంటుకున్నాయి. వాటి మీదుగా తీగలు పోతున్నాయని, పద్ధతి ప్రకారం, కరెంటు తీయించాను. తీయించగానే పక్క పొలంలో మన ట్యాంకు నింపుతున్న బావి మోటారు ఆగిపోయింది. అదే లైను మరి. డీజిల్ ఇంజను ఎవరింట ఉందో కనుక్కుని తెచ్చేసరికి ఐదో వాము కూడా పోయింది. అది ఆ సంసారానికి ఏడాది పశుగ్రాసం. ఆ ఇల్లాలు నన్ను ఒక్క మాట అనలేదు. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో బావి పక్కనే ఆ మోటారు ఏ లైను మీదుందో రాసుకున్నాను. డీజిల్ ఇంజన్లున్న ఇళ్ళకు వేరే పేజీ.

3. నీళ్ళకు బరువుంది, రాతికీ భయముంది

లీటరు నీళ్ళంటే కిలో. ఒక బ్రాంచ్ గంట సేపు ఆడితే 27 టన్నులు లోపలికి పోసినట్టు. అందులో కొంత ఆవిరవుతుంది, కొంత బయటికి పారుతుంది, మిగతాది బట్టల బేళ్ళు, పత్తి, కాగితం తాగేస్తాయి. పాత సున్నపు గోడలు, చెదపట్టిన దూలాలున్న మేడ మీద ఆ బరువంతా కూర్చుంటుంది. మంట తగ్గింది, ఇక భయం లేదని మనం అనుకునే వేళకే మేడకు అసలు భారం మొదలవుతుంది.

2020 నవంబరు 14న, దీపావళి తెల్లవారుజామున, మదురై విళక్కుత్తూణ్ దగ్గర బట్టల కొట్టు మంటలు ఆర్పుతుండగా కట్టడం కూలి మనవాళ్ళిద్దరు పోయారు. పండగ పూట ఊరు నిద్ర లేచేసరికి రెండిళ్ళలో దీపం ఆరిపోయింది. నేనప్పటికి రిటైరై నాలుగేళ్ళు. టీవీ ముందు కూర్చుని ఆ గోడనే చూశాను, మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ వీధుల్లోని ఇళ్ళు నాకు తెలుసు. కింద కొట్టు, పైన సరుకు, ఆ పైన తరతరాల పాత కప్పు. అటువంటి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక మనిషిని వేరే ఏ పనీ చెప్పకుండా గోడలకు కాపలా పెట్టు. పగులు వెడల్పవుతోందా, తలుపు చట్రం వంకర పోతోందా, సున్నపు పొడి రాలుతోందా, వాడి పని అదొక్కటే. వాడు ఈల వేస్తే ఎవరూ ఎందుకని అడగకూడదు.

ఇక రాయి. గ్రానైటు క్వారీల ఊళ్ళో పుట్టినవాళ్ళం, రాయి కాలదని మన నమ్మకం. 2018 ఫిబ్రవరి 2 రాత్రి మీనాక్షమ్మ గుడిలో వీరవసంతరాయ మండపంలో కొట్లు అంటుకున్నాక చూశాం కదా, నాయకుల కాలపు స్తంభాలు, కప్పు బండలు పెళ్ళలుగా విచ్చిపోయాయి. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. పూర్వం మన దక్షిణాదిలో రాతిపనివాళ్ళు బండ మీద కట్టెలు పరిచి, నిప్పుపెట్టి, పొరను లేపేవాళ్ళు. ఆ విద్యే మంట మనకు తెలియకుండా మన నెత్తి మీద చేస్తుంది. ఎర్రగా కాగిన రాతి మీదికి చన్నీళ్ళ ధార సూటిగా కొట్టావంటే నువ్వే పగలగొట్టినట్టు. ఇనుప దూలమైతే ఇంకా త్వరగా లొంగుతుంది, 550 డిగ్రీలు దాటేసరికి సగం బలం పోతుంది.

4. పొమ్మనడం తేలిక, రమ్మనడమే కష్టం

ఇప్పుడు ఆ మిగిలిపోయిన జత సంగతి.

ఏ ఊరో వద్దు. నేను స్టేషన్ ఆఫీసర్ అయి రెండేళ్ళు. రాత్రి పన్నెండు దాటాక ఒక సామాన్ల కొట్టు. షట్టర్ సందుల్లోంచి పొగ లోపలికీ బయటికీ ఊపిరి తీసినట్టు ఆడుతోంది. అలా ఆడే పొగ అర్థం ఏమిటో నాగపూర్‌లో చదువుకున్నవాణ్ణే. లోపల గాలి చాలక మంట ఆకలి మీదుందని అర్థం. అయినా కొట్టు యజమాని కాళ్ళావేళ్ళా పడుతున్నాడు, పనికుర్రాడు లోపల పడుకుని ఉన్నాడేమో అంటున్నాడు. పొగలో ఊపిరికి ఉన్న రెండు బీఏ సెట్లలో ఒకదాని సిలిండర్ అప్పటికే ఖాళీ. షట్టర్ ఎత్తించాను. బ్రాంచ్ నా చేత్తో పట్టుకున్నాను. మా లీడింగ్ ఫైర్‌మన్ ముఖానికి తడిగుడ్డ కట్టుకుని నన్ను దాటి లోపలికి వెళ్ళాడు. వద్దని నేను అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది. నలుగురు చూస్తున్నారు, వెనక్కి పిలిస్తే పిరికివాడంటారని ఆగిపోయింది.

షట్టర్ నోట్లోంచి మంట ఒక్కసారిగా బయటికొచ్చింది. అతను పాక్కుంటూ వచ్చాడు. భుజాలు కాలాయి, అంతకన్నా ఎక్కువగా ఊపిరితిత్తులు. పనికుర్రాడు ఆ రాత్రి అసలు కొట్లో లేడు, సినిమాకు వెళ్ళాడు.

స్టేషన్‌కు వచ్చేసరికి షెడ్డు ముందు ఒక జత మిగిలింది. గోధుమరంగు తోలు చెప్పులు, కుడిదాని మడమ అరిగి ఉంది. ఎవరూ దాన్ని దాటి నడవలేదు, చుట్టూ తిరిగి వెళ్ళారు. పొద్దున్న నేనే తీసి నా బల్ల కింద పెట్టుకున్నాను.

అధికారి చేయి బ్రాంచ్ మీదుంటే అధికారి కళ్ళు ఎక్కడున్నట్టు? కప్పును చూసేవాడు, పొగ రంగు మారడం చూసేవాడు, గడియారం చూసేవాడు లేకుండా పోతాడు. బీఏ సిలిండర్ మీద ఎంత సమయమని రాసి ఉన్నా బరువు మోస్తూ పనిచేసేవాడికి అది ఇరవై, ఇరవైఐదు నిమిషాలకే తీరిపోతుంది. లోపలికెళ్ళినవాడికి ఆ లెక్క ఉండదు, బయట నిలబడ్డ నీకే ఉండాలి. వాడికి నచ్చకపోయినా, జనం గేలి చేసినా, కొట్టు యజమాని శాపనార్థాలు పెట్టినా, రమ్మనాలి.

మరి పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళలేదా అని అడుగుతావు. వెళ్ళారు. 2012 జనవరిలో చెన్నై చెపాక్‌లో కలస మహల్ మంటల్లో మన అధికారి ఒకరు ప్రాణం ఇచ్చారు. ప్రియా రవిచంద్రన్ గారు తీవ్రంగా కాలిన గాయాలతో బయటపడ్డారు. ఈ శాఖలో డివిజనల్ అధికారులుగా మన రాష్ట్రంలో మొదట చేరిన ఇద్దరు ఆడవాళ్ళలో ఆమె ఒకరు, మీనాక్షి విజయకుమార్ గారు మరొకరు. ఆడవాళ్ళు ఈ పని చేయగలరా అని అప్పట్లో అడిగినవాళ్ళు మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు. వాళ్ళ ధైర్యానికి నేను రెండు చేతులెత్తి మొక్కుతాను. నేను చెప్పేదొక్కటే. నువ్వు లోపలికి వెళ్ళక తప్పని గడియ వస్తే, నీ కళ్ళు ఎవరికి అప్పగించి వెళ్తున్నావో పేరు పెట్టి పిలిచి చెప్పి వెళ్ళు.

5. ఫోను డ్రైవర్ చేతికివ్వు

మంట దగ్గర నీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. పైవాళ్ళు, విలేఖరులు, ఊరి పెద్దలు. అప్పుడు జవాబు చెప్పడం నీ పని కాదు. జనాన్ని మాత్రం నువ్వే దూరం పెట్టించాలి, పోలీసులు వచ్చేదాకా ఆగొద్దు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టి బాణసంచా ఫ్యాక్టరీలో పోయినవాళ్ళలో సాయం చేద్దామని, చూద్దామని పరిగెత్తుకొచ్చినవాళ్ళు చాలామంది. ఆ పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో. మంచి మనసుతో వచ్చినవాణ్ణి వెనక్కి నెట్టడం బాధగానే ఉంటుంది. నెట్టు.

6. ఎవరి మాటలో వాళ్ళను పిలువు

కోయంబత్తూరు వైపు పనిచేసినప్పుడు ఒక మిల్లు పక్కనున్న పెంకుటింట్లో ఒక ముసలమ్మ. మంట గోడ దాకా వచ్చింది. పెట్టె పట్టుకుని కూర్చుంది, కదలదు. మా పిల్లలు తమిళంలో కేకలేస్తున్నారు. అరుపులకు ఆమె ఇంకా బిగుసుకుపోతోంది. పెట్టె మీద చేతులు వేసుకుని ఏదో గొణుగుతోంది, చెవిపెట్టి వింటే తెలుగు. నేను గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని "అవ్వా, పెట్టె నేను పట్టుకుంటా, నువ్వు నా భుజం పట్టుకో" అన్నాను. లేచి వచ్చింది. పెట్టెలో ఏముందో నేను అడగలేదు.

ఇప్పుడు మన మిల్లుల్లో, కట్టడాల దగ్గర బీహారు, ఒడిశా పిల్లలు. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై రైల్వే స్టేషన్ దగ్గర ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టె కాలి తొమ్మిదిమంది పోయారు. వాళ్ళు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు. దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాసు సిలిండర్ మీద వంట పెట్టుకోబోయారు. అటువంటి చోట లోపల ఎందరున్నారు, ఎటువైపున్నారు అని అడగడానికి కూడా మాట కావాలి. నీ స్టేషన్‌లో ప్రతివాడికీ హిందీలో పది మాటలు నేర్పించు: బయటికి రా, కింద పాకు, తలుపు ముట్టుకోకు, లోపల ఎవరున్నారు. పది చాలు. ఊళ్ళో ఉన్న ఒడియా మేస్త్రీ నంబరు ఒకటి దగ్గరుంచుకో.

7. ఫైలు కూడా మంటే

సంతకం పెట్టే గదిలో పొగ ఉండదు గనక అక్కడ ప్రమాదం కనిపించదు. 2004 ఒక్క ఏడాదిలో ఈ రాష్ట్రం మంటలకే రెండు సార్లు గుండె బాదుకుంది. జనవరి 23న శ్రీరంగంలో పెళ్ళి మండపం, పెళ్ళికొడుకుతో సహా యాభైమందికి పైగా. జూలై 16న కుంభకోణం బడి, 94 మంది పిల్లలు. రెండు చోట్లా ఆకు కప్పు, ఇరుకు మెట్లు. ఆ తర్వాత మేం బడి బడికీ తిరిగి ఆకు కప్పులు తీయించాం. ఒక పంతులమ్మ మాతోపాటు నిచ్చెనెక్కి తన చేత్తో తాటాకు లాగేసింది. పిల్లలు కింద నిలబడి చూస్తున్నారు.

ఒక ఊళ్ళో ఒకే మెట్లదారి ఉన్న మండపానికి నేను సర్టిఫికెట్ ఇవ్వలేదు. చూసీ చూడనట్టు పొమ్మని సలహాలొచ్చాయి. లోపం ఏమిటో, ఎన్ని అడుగుల మెట్లు కావాలో ఫైల్లో విడమరిచి రాశాను. తర్వాత కొన్నాళ్ళకు నాకు బదిలీ అయింది. ఏడాది పోయాక అటు వెళ్తే వెనకవైపు రెండో మెట్లదారి కట్టి ఉంది. దిగి, ఎక్కి చూశాను. పక్కాగా ఉంది.

8. మా కాలంలో లేని మంటలు

ఇది నాకన్నా నువ్వే ఎక్కువ చదువుకోవాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీ ఆరినట్టే ఆరి గంటల తర్వాత మళ్ళీ లేస్తుంది. 2022 మార్చిలో వేలూరులో ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ కాలి తండ్రీ కూతురూ పొగకే పోయారు. మంట ఆర్పాక బండిని ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టించి కాపలా వేయి. మేడల మీద సోలార్ పలకలు వచ్చాయి. కరెంటాఫీసుకు చెప్పి లైను తీయించినా, ఎండ ఉన్నంతసేపు ఆ తీగల్లో కరెంటు ఉంటుంది. దీన్ని మీ పాత పిల్లలకు ఒకటికి పది సార్లు చెప్పు, వాళ్ళకు మెయిన్ ఆపితే సరి అన్న అలవాటు బలంగా ఉంది.

9. అడుగు, కాగితం మీద అడుగు

రాష్ట్రాల అగ్నిమాపక శాఖలను విస్తరించడానికి, కొత్త సామాను కొనడానికి కేంద్రం 2023 జూలైలో 5000 కోట్ల పథకం పెట్టింది. డబ్బు పైన ఉండడం వేరు, నీ షెడ్డులోకి సామాను రావడం వేరు. "సౌకర్యాలు లేవు" అని రాస్తే ఎవరూ చదవరు. ఫలానా తేదీ కాల్‌లో ఫలానా సిలిండర్ ఇన్ని నిమిషాలకు అయిపోయింది, నింపించడానికి ఇన్ని కిలోమీటర్లు పోవాలి, అంతసేపు ఇంతమంది గుడ్డలు కట్టుకుని పనిచేశారు అని రాయి. ఆ కొట్టు రాత్రికి ముందు నేను అలా రాసి ఉంటే ఆ రెండో సెట్టు నిండుగా ఉండేదేమో. నేను రాయలేదు. నోటితో చెప్పి ఊరుకున్నాను.

పక్క స్టేషన్ల ఆఫీసర్లతో స్నేహం పెంచుకో. నెలకోసారి ఎవరో ఒకరి దగ్గర కూర్చుని టీ తాగండి. పేరు తెలిసినవాడు పిలిస్తే బండి ఇంకా వేగంగా వస్తుంది. మనుషుల స్వభావం అంతే.

10. నీ బరువు ఎవరి దగ్గర దింపుతావు

దీని గురించి మా రోజుల్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే మెతకవాడంటారు.

బావిలోంచి ఆవును తీసిన రోజు స్టేషన్ అంతా పండగ. పాము పట్టిన రోజు నవ్వులు. క్వారీ గుంటలోంచి పిల్లాణ్ణి తీసిన రోజు ఎవరూ మాట్లాడరు, ఎవరూ అన్నం తినరు. ఇళ్ళకు వెళ్ళి పిల్లల మీద చిరాకు పడతారు. కొందరు తాగుతారు. 2019 అక్టోబరులో మణప్పారై దగ్గర బోరుబావిలో రెండేళ్ళ బాబు పడినప్పుడు రోజుల తరబడి రాష్ట్రమంతా టీవీ ముందు కూర్చుంది. ఆ గొయ్యి అంచున నిలబడి చివరికి బాబును ప్రాణాలతో తేలేకపోయినవాళ్ళ సంగతి తర్వాత ఎంతమంది అడిగారు?

అటువంటి కాల్ మర్నాడు అందర్నీ కూర్చోబెట్టు. తప్పెవరిదని తేల్చడానికి కాదు. ఎవరేం చూశారో ఒక్కొక్కరినీ చెప్పనివ్వు. నువ్వు ముందు మొదలుపెట్టు, ఆఫీసర్ నోరు విప్పితేనే పిల్లలు విప్పుతారు. చెప్పలేనివాణ్ణి బలవంతం చేయకు, వారం పాటు కంట కనిపెట్టు. నిద్ర పట్టడం లేదన్నవాణ్ణి ఆసుపత్రికి నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు, చీటీ రాసి పంపకు.

మరి నీకెవరు? కొట్టు రాత్రి తర్వాత నాకు నిద్ర కరువైంది. మీ అత్తకు కూడా చెప్పలేకపోయాను. మా పెద్ద డ్రైవర్ నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, చదువు తక్కువ. రాత్రి రెండింటికి నా గదిలో దీపం చూసి రెండు గ్లాసుల టీ తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ అనలేదు. మూడో రాత్రి నేనే మొదలుపెట్టాను. షట్టర్ దగ్గర నుంచి చెప్పుల దాకా అంతా చెప్పాను. విని, "రేపు పొద్దున్న ఆసుపత్రికి పోదాం, అతనితో చెప్పండి ఇదంతా" అన్నాడు. వెళ్ళి చెప్పాను. వద్దనాలనుకుని అనలేకపోయానని చెప్పాను. అతను గొట్టాలతో ఉన్నాడు, మాట రాదు. నా మణికట్టు పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు. నీకూ అటువంటి డ్రైవర్ ఒకడు దొరకాలని మీ అత్త అళగర్ స్వామికి మొక్కుకుంది. దొరికేదాకా నేనున్నాను. ఏ వేళకైనా ఫోన్ చెయ్యి, రెండో రింగుకు తీస్తాను.

అతను పదకొండు వారాల తర్వాత డ్యూటీకి వచ్చాడు. నా బల్ల కింద నుంచి చెప్పులు తీసి షెడ్డు అంచున పెట్టాను. వేసుకున్నాడు. ఇప్పుడు అతనూ రిటైరయ్యాడు, మెట్లెక్కితే ఆయాసం. ప్రతి పొంగలికీ మేలూరు వస్తాడు. గడపలో చెప్పులు విడిచి, "అక్కా" అని మీ అత్తను పిలుస్తూ వంటింటి వైపు పోతాడు. నేను తిన్నె మీద కూర్చుని ఉంటాను. ఆ చెప్పులను కొంచెం లోపలికి జరుపుతాను. ఇప్పుడు రబ్బరువి వేస్తున్నాడు. కుడిది ఇంకా మడమ దగ్గరే అరుగుతోంది.